కిటికీ అవతల దగ్గు

ఫిబ్రవరి 6, గురువారం

పిండిమర తిరుగుతోంది. అది తిరుగుతున్నంతసేపూ ఆయన ఇంట్లోకి రారు. నేను రాసుకోవడానికి అదే సమయం.

ఇవాళ పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. పల్లెల పాలనలో ఆడవాళ్లకు సమాన భాగం ఇప్పించడం ఆమె ఉద్యోగమట. సాయంత్రానికల్లా ఊరు ఆమెకు ట్రైనింగమ్మ అని పేరు పెట్టేసింది. ఆమె పంచాయతీ గదిలో అడుగుపెట్టేసరికి బల్ల చుట్టూ కుర్చీల్లో నలుగురు మగ సభ్యులు, వాళ్ల పక్కన సభ్యురాళ్ల మొగుళ్లు కూర్చుని ఉన్నారు. అసలు గెలిచిన ఆడవాళ్లం వెనక గోడకు ఆనించిన బెంచీ మీద ఉన్నాం. ప్రెసిడెంటు కుర్చీలో మా ఆయన. ప్రెసిడెంటుని నేను. టీ గ్లాసులు అందించడానికి వీలుగా బెంచీ చివర కూర్చున్నాను.

"సభ్యులు కానివాళ్లు దయచేసి బయటికి వెళ్లండి" అంది ఆవిడ.

మొగుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు లేచింది మా ఆయనే. మర్యాద తెలిసిన మనిషి. పోతూ పోతూ ఆ బెంచీని కూడా మోయించి బయట కిటికీ కింద వేయించారు. అందరూ దాని మీద సర్దుకున్నారు. మేం కుర్చీల్లోకి మారాం. ట్రైనింగమ్మ మురిసిపోయి ఫోటో తీసుకుంది. ఆ ఫోటోలో నా తల వెనక కిటికీ, కిటికీలో మొగుళ్ల తలకాయలు పడే ఉంటాయి.

అన్నం తినేటప్పుడు ఆయన అన్నారు, "లోపల నేను లేనని కంగారుపడకు. నేను గొంతు సవరిస్తే సరేనను. దగ్గితే వద్దను. ఏ చప్పుడూ చెయ్యలేదంటే నీ ఇష్టం."

నా ప్రాణం కుదుటపడింది. ఈ సీటు ఆడవాళ్లకని తేలింది కాబట్టి నన్ను నిలబెట్టారు గానీ, నిలబడాలని ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగింది ఆయనే. ఎవరికి ఎవరితో తగువో, ఏ కాగితం ఏ బల్ల మీద ఆగిపోతుందో ఆయనకే తెలుసు. ఆయన సాయం చేస్తున్నారు. అంతే.

ఫిబ్రవరి 13, గురువారం

కొత్త పద్ధతిలో మొదటి మీటింగు. వీధి దీపాల విషయంలో ఆయన గొంతు సవరించారు, సరేనన్నాను. మురుగుకాలవ పని పాత కాంట్రాక్టరుకే ఇద్దామా అంటే దగ్గారు, వద్దన్నాను. హాయిగా ఉంది. ఒక సభ్యురాలు మాటమాటకీ కిటికీ వైపు చూస్తోంది. నేనలా చూడను. మా ఏర్పాటు ఎవరికీ తెలియదు.

కిటికీ అవతల ఎవరూ లేనిది మిషనక్కకే. దిగువ వీధి సభ్యురాలు, కుట్టుమిషను మీద బతుకుతుంది. ఆమె మొగుడు లారీ ఎక్కి పోతే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. అందుకని మనసులో ఏముంటే అది అనేస్తుంది. దారి చూపేవాళ్లు లేరు పాపం, అనుకున్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

మీటింగు. అన్నిటికీ గొంతు, ఒక్కదానికి దగ్గు. మూడోది, ఏ చప్పుడూ లేనిది, ఇంతవరకూ రాలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

పొద్దున వంట, కోళ్లకు మేత, మరలో నేలంతా ఊడ్చడం, పంచాయతీ సంతకాలు. నడుము పడిపోయింది. మధ్యాహ్నం మిషనక్క కొలతలు తీసుకోవడానికి వచ్చింది. మీటింగులకు వేసుకోవడానికి ఒక మంచి బట్ట కుట్టమని ఇచ్చాను.

టేపు నా భుజాల మీద పెట్టి దిగువ వీధి సంగతి మొదలుపెట్టింది. వాళ్ల వీధిలో కుళాయి లేదు. ఎగువ వీధికొచ్చి, మేమంతా పట్టుకున్నాక పట్టుకోవాలి. అప్పటికి ధార సన్నబడిపోతుంది.

"రోజంతా మిషను తొక్కి, మళ్లీ బిందెలతో ఆ గట్టెక్కలేకపోతున్నా చెల్లీ. నా మోకాళ్లు నా మాట వినడం లేదు. ఈ ఏడు ఒక్క పైపు లైనే ఇస్తారంట కదా. అది మా వైపు వెయ్యించు. మాకు ఇంకేం వద్దు."

ఆ ఒక్క లైను మీద పెద్దాయన కన్ను కూడా ఉంది. పెద్దాయన అంటే పాత ప్రెసిడెంటు. ఇప్పుడు సభ్యుడు. లైను తన ఇటుకబట్టీ వైపు పోవాలని ఆయన కోరిక.

"నేనున్నాగా అక్కా" అన్నాను. మాట ఇచ్చాను. మా ఆయనతో చెబితే "చూద్దాం" అన్నారు. ఆయన చూద్దామంటే సరేననే.

మార్చి 6, గురువారం

ఆయనకు బాగా జలుబు చేసింది. మరలో పిండి దుమ్ము ఒకటి. పొద్దున్నే ఆవిరి పట్టించాను. దుప్పటి ముసుగేసుకుని గిన్నె మీద వంగి, కాలుతోందని చిన్నపిల్లాడిలా గొణిగారు. ఇవాళ మీటింగు దగ్గరికి రావద్దు, పడుకోండి అంటే వినలేదు. బట్టలు మార్చుకుంటున్నారు. వచ్చాక రాస్తాను.

వచ్చాం. దిగువ వీధికి వద్దన్నాను.

మార్చి 7, శుక్రవారం

నిన్న అంతకు మించి రాయలేకపోయాను.

మిషనక్క లేచి నిలబడి తన వీధి గురించి చెప్పింది. చేతులెత్తమంటే నలుగురు ఇటు, నలుగురు అటు. తేల్చాల్సింది నేను. కార్యదర్శి కలం పట్టుకుని నా వైపు తిరిగాడు. పెద్దాయన బల్లకు అవతల నుంచి నన్నే చూస్తున్నాడు. నేను నీళ్లు నములుతూ కూర్చున్నాను. అప్పుడు కిటికీ అవతల దగ్గు వినిపించింది. పెద్ద దగ్గు. "వద్దు" అన్నాను. ఈ నెల చివరి మీటింగులో బట్టీ వైపు లైను సంగతి చూద్దామని పెద్దాయన అన్నాడు, ఈ నెలాఖరుకు పై ఆఫీసుకు ఏదో ఒక పేరు పోవాలి కాబట్టి.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు విడుస్తూ అడిగారు.

"అదేంటి, దిగువ వీధికి వద్దనేశావ్?"

"మీరు దగ్గారుగా."

"నాకు జలుబు కదే."

రెండో చెప్పు ఆయన కాలికే ఉండిపోయింది. తర్వాత ఆయనకు నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ మళ్లీ దగ్గొచ్చింది. నాకూ నవ్వొచ్చింది. గోడ పట్టుకుని నవ్వాను. వంటింట్లోకి వెళ్లాక ఆగిపోయింది.

"ఇంతకీ మీరు ఏమందామనుకున్నారు?" అని వంటింట్లోంచే అడిగాను.

"ఇంకా అనుకోనేలేదు. గొంతు సవరిద్దామా అని చూస్తుంటే దగ్గు తెర ముంచుకొచ్చింది. పోనీలే, ఒకందుకు మంచిదే అయింది."

ఎందుకు మంచిదో చెప్పలేదు. జలుబు వల్ల జరిగింది. ఎవరి తప్పూ కాదు.

మార్చి 10, సోమవారం

మిషనక్క బట్ట వెనక్కి పంపింది. కత్తెర కూడా పడలేదు. పని ఎక్కువగా ఉందట.

నేనే వెళ్లాను. గుమ్మంలో మిషను ముందు కూర్చుని ఎవరిదో పరుపు గలేబు కుడుతోంది. లేవలేదు. ఆగలేదు కూడా. నేను ఆ చప్పుడులోనే చెప్పుకున్నాను, నలుగురూ నలుగురూ అయ్యేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదని, పరిస్థితి అలా వచ్చిందని. జలుబు సంగతి చెప్పలేకపోయాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది.

అంచు చివరిదాకా కుట్టి, దారం కొరికి, అప్పుడు నా వైపు చూసింది.

"నువ్వు వద్దన్నావని నాకు కోపం లేదు. నీకు వద్దని ఉంటే వద్దను, నేను ఇంకో దారి చూసుకుంటా. నీకు వద్దని ఉందా?"

నేను తల వాకిలి వైపు తిప్పుకున్నాను. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. వాకిట్లో బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. దాటుకుంటూ వచ్చేశాను.

మార్చి 11, మంగళవారం

నాకు వద్దని లేదు.

మార్చి 13, గురువారం

ఆయన దగ్గు గుండెల్లోంచి వస్తోంది. మధ్యాహ్నం అత్తయ్య కోళ్ల గూడు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. మరలోంచి దగ్గు వినిపించినప్పుడల్లా తల అటు తిప్పుతోంది.

"అచ్చం మీ మామయ్య దగ్గే" అంది.

మామయ్యను నేను చూడలేదు. నా పెళ్లికి ముందే పోయారు. ఊళ్లో అందరూ ఆయన్ను గంభీరమైన మనిషి అంటారు.

"గంభీరమా పాడా. వీధి మొదట్లో దగ్గేవాడు. దగ్గు వినపడితే చాలు, ఇంట్లో పిల్లలు పుస్తకాలు తీసేవాళ్లు, మా అత్త మాట ఆపేసేది, నేను పొయ్యి దగ్గర నిలబడిపోయేదాన్ని. ఆయన కూడా అది చూసి ఇంకాస్త గట్టిగా దగ్గేవాడు. మగాడి దగ్గంటే అలా ఉండాలనుకునేవాళ్లం."

గింజలు చల్లింది. కోళ్లు ముసిరాయి.

"చివరికి క్షయ అని తేలింది. డాక్టరు అడిగాడు, ఇన్నేళ్ల నుంచి దగ్గుతుంటే ఏం చేస్తున్నారమ్మా అని. ఏం చెప్పను? లేచి నిలబడుతున్నాం బాబూ అని చెప్పనా? అంత దగ్గులో ఒక్కసారి కూడా ఆయన చేతికి మంచినీళ్లు ఇవ్వలేదమ్మాయ్. ఇవ్వచ్చని తట్టనే లేదు."

నవ్వుతూనే చెప్పింది. చెప్పాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. రేపు ఈయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మార్చి 14, శుక్రవారం

డాక్టరు ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నాడు. పిండి దుమ్మట. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాడు. ఈయన కట్టుకోరు. మర దగ్గరికొచ్చే వాళ్లు నవ్వుతారట.

మార్చి 18, మంగళవారం

ట్రైనింగమ్మ పిలిస్తే పట్నం వెళ్లొచ్చాను. చుట్టుపక్కల ఊళ్ల ఆడ ప్రెసిడెంట్లందరికీ శిక్షణ. మొగుళ్లు గదిలో లేరు కాబట్టి మాది ఆదర్శ పంచాయతీ అట, నన్ను మాట్లాడమంది. విషయం, ఆడవాళ్లు స్వతంత్రంగా నిర్ణయం తీసుకోవడం ఎలా. ఉపన్యాసం ఆయన రాసిచ్చారు. తడబడకుండా చదివాను. బాగా చప్పట్లు కొట్టారు. ఫ్యాన్లు తిరుగుతున్నా నా వీపంతా చెమట.

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని తింటుంటే పక్కన ఒక లావుపాటి ఆవిడ చతికిలబడింది.

"ఎవరు రాశారు నీ ఉపన్యాసం?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "మా ఆయన" అన్నాను.

"బాగా రాశాడు. నాది మా మరిది రాశాడు, ఇంత బాగా కుదరలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుకి ఇంకో నలుగురు పళ్లాలు పట్టుకుని జరిగారు. ఎలా మొదలైందో తెలియదు, నేను దగ్గు సంగతి చెప్పేశాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది, ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెప్పాను.

"నయం, నీకు దగ్గు. మా ఆయన తాళాలగుత్తి ఊపుతాడు. ఒకరోజు ఎవరిదో ఆవు గంట మోగితే మూడు పనులకు సరేనన్నా" అంది ఒకామె.

"మా మరిది మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒకటైతే అవును, రెండైతే కాదు. సిగ్నల్ లేకపోతే మీటింగు వాయిదా" అంది లావుపాటి ఆవిడ.

పొలమారేదాకా నవ్వాం. కడుపులో నొప్పి పుట్టింది. అంతలో చివరి మెట్టు మీద ఉన్న పొడుగావిడ, అప్పటిదాకా మాట్లాడని మనిషి, చెయ్యి కడుక్కుంటూ అంది.

"మా ఆయన గుమ్మం దగ్గర చెప్పులు టపటపలాడించేవాడు, అంటే ఇక చాలు ఆపమని. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ బయట ఎవరు చెప్పులు విదిల్చినా నా నోరు ఆగిపోతుంది. ఎవడి చెప్పులో కూడా తెలియదు. అట్లా ఒకసారి బడి గోడ ఆగిపోయింది."

ఎవరం నవ్వలేదు. భోజనాల తర్వాత రెండో ఉపన్యాసంలో ఏం చెప్పారో నాకు గుర్తులేదు.

మార్చి 19, బుధవారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

జలుబని నాకు తెలుసు. ఆరో తారీకు పొద్దున ఆవిరి పట్టించింది నేను. దుప్పటి కప్పింది నేను. ఆ రోజు మీటింగులో అంతకుముందే నాలుగైదుసార్లు దగ్గారు, దేనికీ నేను వద్దనలేదు, జలుబుకదా అనుకున్నాను. ఆ ఒక్క దగ్గునే వద్దన్న మాటగా తీసుకున్నాను. పెద్దాయన కళ్లు చూసి నాకు భయమేసింది. ఏదో ఒకటి నా నోటితో నేను చెప్పాల్సి వచ్చింది. అప్పుడు దగ్గు వినిపించింది. హమ్మయ్య అనిపించింది.

ఆ హమ్మయ్యే నన్ను తినేస్తోంది. తప్పును జలుబు మీద పెట్టాను, ఆయన మీద పెట్టాను. మిషనక్క అడిగితే పరిస్థితి మీద పెట్టాను.

మర ఆగింది.

మార్చి 21, శుక్రవారం

తలనొప్పి. ఏమీ చెయ్యలేదు.

మార్చి 24, సోమవారం

భోజనం దగ్గర ఆయన అన్నారు, "గురువారం మీటింగులో బట్టీ వైపు లైను తేలిపోతుంది. నేను పెద్దాయనకు మాటిచ్చా."

"ఎప్పుడిచ్చారు?"

"ఆయనే మర దగ్గరికొచ్చాడు. వచ్చేసారి సీటు మగవాళ్లకొస్తే నా వైపే నిలబడతానన్నాడు. అంత పెద్దమనిషి మన గుమ్మం తొక్కి అడిగితే కాదంటామా?"

అందుకన్నమాట, ఒకందుకు మంచిదే అయింది.

"మరి దిగువ వీధి?"

"వచ్చే ఏడు చూద్దాం. మర్చిపోకు, దిగువ వీధి పేరు మళ్లీ ఎవరైనా ఎత్తితే దగ్గుతా."

"మీకు జలుబు తగ్గిందిగా."

"తగ్గింది కాబట్టే చెప్తున్నా. ఈసారి దగ్గితే అది దగ్గే."

నేను మజ్జిగ పోశాను. ఆయన చెడ్డవాడు కాదు. ఏళ్ల తరబడి ఆ కుర్చీ కోసం తిరిగిన మనిషి, అది ఇంట్లోకి వచ్చి కూడా పెళ్లాం కిందికి పోయింది. ఆ బాధ నాకు తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. అలిసిపోయాను.

మార్చి 25, మంగళవారం

పంచాయతీకి వెళ్లి కార్యదర్శిని అడిగాను, ఒకసారి వద్దన్న పని మళ్లీ పెట్టవచ్చా అని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పెట్టొచ్చండి. ఏది ముందు చర్చకు రావాలో మీ ఇష్టమే. అధ్యక్షురాలు మీరు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సార్‌ని అడిగారా?" అన్నాడు.

అడగలేదని చెప్పాను. "దిగువ వీధి ముందు రాయండి" అని చెప్పి వచ్చాను.

మార్చి 27, గురువారం

ఇవాళ మర తిరగడం లేదు. ఆయన ఇంటికి రాలేదు. తీరిగ్గా రాస్తున్నాను.

కార్యదర్శి మొదటి విషయం చదవగానే పెద్దాయన నవ్వాడు.

"అది పోయినసారే అయిపోయిందిగా అమ్మాయ్. నువ్వే వద్దన్నావు."

"పోయినసారి నా మాట నేను చెప్పలేదండీ. ఇవాళ చెప్తాను."

ఎంత చిన్నగా అన్నానో, అసలు నా గొంతు బయటికొచ్చిందా లేదా అని నాకే అనుమానమొచ్చింది. మిషనక్క తలెత్తింది. చేతులెత్తమన్నాను. మళ్లీ నలుగురు ఇటు, నలుగురు అటు. ఎవరూ మారలేదు. మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

కిటికీ అవతల దగ్గు.

అప్పుడు చూశాను. గది మొత్తం ఆగిపోయింది. ఎనిమిది తలలూ కిటికీ వైపు తిరిగి, అక్కడి నుంచి నా వైపు తిరిగాయి. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. కార్యదర్శి నన్ను అడగలేదు, కలం కాగితం మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు. మా ఏర్పాటు ఎవరికీ తెలియదనుకుంటూ వచ్చాను. ఊరందరికీ తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసేమో. నేను సరేనన్నప్పుడల్లా, వద్దన్నప్పుడల్లా వాళ్లు విన్నది నన్ను కాదు. నేనొక్కదాన్నే నన్ను వింటున్నారనుకున్నాను.

సిగ్గుతో మొహం మండిపోయింది. మళ్లీ దగ్గారు, ఇంకాస్త గట్టిగా. నాకు అత్తయ్య గుర్తొచ్చింది. కోళ్ల మధ్య పీట మీద కూర్చుని కళ్లు తుడుచుకున్న అత్తయ్య.

బల్ల మీద నా కోసం పెట్టిన మంచినీళ్ల గ్లాసుంది. మూత తీశాను.

"బయట ఎవరికో దగ్గు పట్టుకున్నట్టుంది. ఈ నీళ్లు ఎవరైనా ఇచ్చి రండి" అన్నాను. "కార్యదర్శిగారూ, మీరు రాసింది కొట్టేయండి. నేనింకా చెప్పలేదు."

తర్వాత మిషనక్క లేచింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, గ్లాసు పట్టుకుని, మెల్లగా నడిచి కిటికీ ఊచల్లోంచి అందించింది. "తాగండి మరిదిగారూ, మీ ఎగువ వీధి నీళ్లే" అంది. బయట బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తాగారు. గుటకలు లోపలికి వినిపించాయి.

"లైను దిగువ వీధికే వేద్దాం" అన్నాను.

కార్యదర్శి రాసుకున్నాడు. పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. అంతకన్నా ఏమీ జరగలేదు. గెలిచినట్టు లేదు. ఒళ్లంతా జ్వరం వచ్చి తగ్గినట్టుంది.

మార్చి 30, ఆదివారం

ఆయన మరలోనే పడుకుంటున్నారు. అన్నం పంపితే తింటున్నారు. ఇవాళ నేనే పట్టుకెళ్లాను. అత్తయ్య నా వెనకే వచ్చింది.

"నలుగురిలో నా పరువు తీశావు" అన్నారు, బస్తాల వైపు చూస్తూ. "నేను నీకేం ద్రోహం చేశాను? నీకు దారి తెలియదని చెప్పాను. అంతేగా."

"అవును. నాకు తెలియదు" అన్నాను. "తెలియకుండానే చెప్తాను ఇకనుంచి. తప్పయితే నా తప్పే అవుతుంది."

"పెద్దాయన మొహం ఎలా చూడాలి నేను?"

నిజంగా జాలేసింది. వచ్చేసారి సీటు ఆయన చేజారిపోయిందేమో, అది నేనే జార్చానేమో. అత్తయ్య అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"దగ్గితే నీళ్లిచ్చింది. తప్పేముందిరా అందులో? మీ నాన్నకు నేను ఇచ్చి ఉంటే నువ్వు ఇంకొన్నాళ్లు నాన్నా అని పిలిచేవాడివి."

ఆయన పిండి కొట్టుకున్న చేతులతో మొహం తుడుచుకున్నారు, మొహమంతా తెల్లగా అయింది. అన్నం గిన్నె అక్కడ పెట్టి మేమిద్దరం వచ్చేశాం.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇంటికి వచ్చారు. ఉప్పు ఎక్కువైందన్నారు. మాట్లాడినందుకు సంతోషించాను, ఉప్పు సరిగ్గానే ఉంది.

ఏప్రిల్ 17, గురువారం

దిగువ వీధిలో గొయ్యి తవ్వుతున్నారు. బట్ట పట్టుకుని వెళ్లాను. మిషనక్క అడక్కుండానే టేపు తీసి, పాత కొలతలు ఉన్నాయిగా అంటే వినకుండా, మళ్లీ కొలిచింది. "చిక్కిపోయావ్" అంది. ఇద్దరం కాసేపు గొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాం. మట్టి వాసన బాగుంది. పైపులు ఇంకా రాలేదు, వస్తాయో ఇంకెక్కడైనా ఆగుతాయో. ఇక ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఏప్రిల్ 24, గురువారం

మీటింగు. వారం వారం జరిగే సంతను రోడ్డు మీద నుంచి ఎక్కడికి మార్చాలని చర్చ. తలో మాటా అన్నారు. మళ్లీ సగం సగం. అందరూ నా వైపు చూశారు.

కిటికీ అవతల చప్పుడు లేదు. రాలేదేమో అనుకుని తల తిప్పాను. బెంచీ మీద ఉన్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, అది గడ్డం కిందికి లాక్కుని, ఊచల్లోంచి లోపలికే చూస్తున్నారు. కోపంగా ఉన్నారా, వింటున్నారా, నాకు అర్థం కాలేదు. ఏ చప్పుడూ చెయ్యలేదంటే నీ ఇష్టం అన్నారు అప్పుడు. మూడోది ఇదేనేమో. అనుకున్న వెంటనే, ఇక ఆ లెక్క చూసుకోనక్కర్లేదని గుర్తొచ్చింది.

తీరా నా ఇష్టం ఏమిటో నాకు తెలియలేదు. ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ అడగలేదు, నాతో సహా. సంత ఎక్కడుంటే ఎవరికి దగ్గర, ఎవరికి దూరం, కూరలమ్మే వాళ్లకు నీడ ఎక్కడ, ఒక్కొక్కటే ఆలోచించుకోవాలి. బరువుగా ఉంది.

"నాకు కొంచెం ఆలోచించుకోవాలి" అన్నాను.

కార్యదర్శి కలం పక్కన పెట్టాడు. ఎవరూ కిటికీ వైపు తిరగలేదు. అందరూ నా కోసం ఆగి కూర్చున్నారు. కిటికీ అవతల ఆయన కూడా.